పాత కారు – కుటుంబ అవసరం, అమానతు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కార్యాలయాలు దగ్గరకు వచ్చాయి. అయినా పెద్ద వైద్యానికీ, పిల్లల ఉన్నత చదువుకూ, పెండ్లి సామానుకూ ఈ ప్రాంతవాసులు నేటికీ వరంగల్, హన్మకొండల వైపే చూడవలసి వస్తున్నది. జనగామ, మహబూబాబాద్‌లకు రైలు సౌకర్యం ఉన్నది. భూపాలపల్లికి అదీ లేదు. పగటిపూట బస్సు దొరుకుతుంది. అర్ధరాత్రి ఇంట్లో పెద్దవారికి ఆయాసం వస్తే మాత్రం ఏదో ఒక వాహనం కోసం ఇరుగుపొరుగు తలుపులు తట్టవలసిందే.

ఈ అవసరమే మధ్యతరగతి ముస్లిం కుటుంబాలను పాత కారు వైపు నడిపిస్తున్నది. అందులోనూ డిజైర్, అమేజ్, ఎక్సెంట్, ఎటియోస్ వంటి చిన్న సెడాన్లకే ఆదరణ ఎక్కువ. ఇటువంటి కార్లను కొన్నేళ్ళుగా వాడుతున్న కుటుంబాలతో మేము సంభాషించాము. పేర్లు ప్రకటించవద్దని వారు కోరారు. వారి అనుభవాలు కారు కొనదలచినవారికే గాక అమ్మదలచినవారికీ ఉపయోగపడగలవు.

డిక్కీ ఉన్న చిన్న కారు

2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ మించని కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. దాంతో డిక్కీని కుదించి సెడాన్‌ను ఆ కొలతలో ఇమిడ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ వచ్చింది. అదే ఏడాది వచ్చిన మారుతి స్విఫ్ట్ డిజైర్ మొదట నాలుగు మీటర్లు దాటి ఉండేది. 2012లో వచ్చిన రెండవ తరం డిజైర్ ఆ హద్దులోకి కుదిరింది. 2013లో హోండా అమేజ్, 2014లో హ్యుందాయ్ ఎక్సెంట్ అదే బాట పట్టాయి. టొయోటా ఎటియోస్ మాత్రం నాలుగు మీటర్ల కన్నా పొడవైనది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన అమలులోకి రావడంతో మారుతి సంస్థ డీజిల్ కార్ల తయారీని ఆపివేసింది. కనుక నేడు సంతలో కనిపించే డీజిల్ డిజైర్లన్నీ అంతకు ముందువే. వాటి వయస్సును దృష్టిలో పెట్టుకునే ధర మాట్లాడాలి.

మూడు ఇండ్లు, మూడు అనుభవాలు

జనగామలో బట్టల దుకాణం నడిపే ఒక సోదరుడు రెండవ తరం డీజిల్ డిజైర్ వాడుతున్నారు. సరుకు కోసం వారానికొకసారి హైదరాబాదు వెళ్ళి వస్తారు. వరంగల్ జాతీయ రహదారి మీద లీటరుకు ఇరవై కిలోమీటర్ల దాకా వస్తున్నదనీ, పట్టణంలో అది బాగా తగ్గుతుందనీ చెప్పారు. కొన్న మొదటి ఏడాదిలోనే క్లచ్ ప్లేటు, ముందు చక్రాల సస్పెన్షన్ బుష్‌లు, నాలుగు టైర్లు మార్చవలసి వచ్చిందట. "కారు ధర ఒక్కటే లెక్క వేసుకున్నవాడు మొదటి మూడు నెలల్లోనే అప్పులపాలవుతాడు. చేతిలో ఉన్న సొమ్ములో ఐదో వంతు మరమ్మతుకు పక్కన పెట్టుకొని, మిగిలినదానికే కారు వెతకాలి" అన్నది ఆయన సలహా.

మహబూబాబాద్‌లో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న ఒక సోదరి పెట్రోలు అమేజ్ నడుపుతున్నారు. నలభై ఏళ్ళ వయస్సులో డ్రైవింగ్ నేర్చుకున్నారు. కారు వచ్చాక బడికీ, పుట్టింటికీ ఎవరి కోసమూ ఎదురు చూడవలసిన అవసరం తీరిందని సంతోషించారు. అయితే సెడాన్ సీటు కిందికి ఉండటం వల్ల మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి కూర్చోవడం, లేవడం కష్టమవుతున్నది. సీటు మీద గట్టి దిండు వేసి కొంత సర్దుకున్నారు. ఇంట్లో వృద్ధులుంటే కొనకముందే వారిని ఒకసారి ఎక్కించి దింపి చూడమని ఆమె చెప్పారు. మరో చిక్కు ఎలుకలది. రెండు వారాలు కదలకుండా నిలిపిన కారులో వైర్లను ఎలుకలు కొరికివేశాయి. ఆనాటి నుండి పని లేకపోయినా రెండు మూడు రోజులకొకసారి బయటికి తీస్తున్నారు.

భూపాలపల్లిలో సింగరేణి కార్మికుని ఇంట పాత ఎటియోస్ ఉన్నది. బొగ్గు లారీలు తిరిగే దారుల్లో గుంతలు, దుమ్ము తప్పవు. ఎయిర్ ఫిల్టర్‌ను తరచుగా దులపవలసి వస్తుంది. ఐదుగురు ఎక్కితే కొన్ని స్పీడ్ బ్రేకర్ల మీద కారు అడుగుభాగం తగులుతుంది. అటువంటి చోట ఇద్దరిని దింపి, కారు దాటాక మళ్ళీ ఎక్కించుకుంటారు. ఈ కారు ఎన్నో రాత్రులు వాడలోని రోగులను, గర్భిణీలను వరంగల్ ఆసుపత్రులకు చేర్చింది. ఆయన కిరాయి తీసుకోరు. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల నంబరు ప్లేటు వాహనాన్ని కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం; ప్రమాదం జరిగితే బీమా పరిహారం కూడా చిక్కుల్లో పడుతుంది. డీజిల్ పోయించగలిగినవారు పోయిస్తారు, లేనివారిని అడగరు.

వరద ముంచిన కార్లు

2023 జులై చివరి వారంలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి సమీపంలోని మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాను వరద ముంచెత్తింది; ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. ఇటువంటి విపత్తుల తర్వాత నీట మునిగిన కార్లను కడిగి, మెరుగు పెట్టి, తక్కువ ధరకు అమ్మజూపడం ఎక్కడైనా జరిగేదే. కాబట్టి ధర మరీ తక్కువగా ఉంటే సంతోషించడానికి ముందు పరీక్షించాలి. సీటు బెల్టును చివరి వరకు లాగి బురద చార కోసం చూడాలి. కాళ్ళ కింది కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల వద్ద, డిక్కీలో స్టెప్నీ కింద తుప్పు ఉన్నదేమో గమనించాలి. తలుపులు మూసి కాసేపు ఉంచి లోపలి వాసన చూడాలి. టైరు మీది చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019వ సంవత్సరం ఇరవై మూడవ వారం. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుతూ పెడళ్ళ రబ్బరు అరిగిపోయి ఉంటే అనుమానించాలి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళడం అన్నింటికన్నా క్షేమం.

లోపం చెప్పి అమ్మడం

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన గింజలను అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని ప్రశ్నించి, మోసగించేవాడు తమలోనివాడు కాడని ఆయన హెచ్చరించారు. కొనేవారు, అమ్మేవారు నిజం పలికి లోపాలను బయటపెడితే వారి వ్యవహారంలో శుభం కలుగుతుందనీ, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ మరో హదీసు ద్వారా తెలుస్తున్నది. మీటరు తిప్పడం, ప్రమాదంలో వంగిన భాగాన్ని రంగు కింద దాచడం మన కాలపు తడి ధాన్యమే.

జనగామ సోదరుడు తన మొదటి కారును అమ్మినప్పుడు ఏసీ లోపాన్నీ, ఒక పాత ప్రమాదాన్నీ కాగితం మీద వ్రాసి కొనేవానికి ఇచ్చారు. ధర పదిహేను వేలు తగ్గింది. ఇంట్లో కొందరు నొచ్చుకున్నారు. "ఆ కారులో అతని పిల్లలు కూర్చుంటారు కదా" అని ఆయన బదులిచ్చారట.

కాగితాల విషయం

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో జరిగిన అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. 29, 30 నంబరు ఫారాలు ఇందుకే. కారు మీద అప్పు ఉండి ఉంటే అది తీరినట్లు 35వ నంబరు ఫారం చూడాలి. "మనవాడే కదా" అని పేరు మార్చకుండా వదిలేసే అలవాటు ప్రమాదకరమైనది. పేరు మారని కారు ప్రమాదానికి గురైతే రికార్డులో ఉన్న యజమానే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే ఎప్పుడో అమ్మిన కారు కోసం ఒక కుటుంబం నష్టపరిహారం కట్టవలసి రావచ్చు. ఇక సొంత కార్ల రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్ళు; ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఇప్పటికీ కనిపించే పాత ఏపీ 36 నంబరు బండ్లను కొనేవారు ఈ లెక్క మరువరాదు.

వడ్డీకి దూరంగా

మేము కలిసిన మూడు కుటుంబాలూ పాత కారునే ఎన్నుకోవడానికి ప్రధాన కారణం వడ్డీ. కొత్త కారుకు నెలనెలా కిస్తీ కట్టడం కష్టం కాకపోయినా, అందులోని వడ్డీని దివ్య ఖురాన్ నిషేధించింది. మహబూబాబాద్ సోదరి బంధువులతో కలిసి వేలం లేని చిట్టీ వేసి సొమ్ము కూడబెట్టారు. భూపాలపల్లి కార్మికుడు తన బావగారి వద్ద కొంత చేబదులు తీసుకొని, బఖరా సూరా 282వ ఆయతు ఆదేశించినట్లు గడువుతో సహా వ్రాసి, సాక్షుల సంతకాలు తీసుకున్నారు. "దగ్గరి వాళ్ళ మధ్య కాగితం ఎందుకని బావ నవ్వారు. దగ్గరితనం నిలవాలనే కాగితం అన్నాను" అని ఆయన చెప్పారు. ఆ బాకీ గడువుకు ముందే తీరింది.

తమ అవసరానికి మించిన వాహనం ఉన్నవారు దాన్ని వాహనం లేనివారికి ఇవ్వాలని దైవప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో తమ సహచరులకు బోధించారు. మూడు జిల్లాల్లోని మన వాడల్లో నేడు కార్లకు కొరత లేదు. ప్రతి మస్జిదు వద్ద, రాత్రివేళ అత్యవసరానికి రాగల నలుగురైదుగురు కారు యజమానుల ఫోన్ నంబర్లను వారి అనుమతితో వ్రాసి అంటిస్తే చాలు. ఆసుపత్రికి దూరంగా ఉన్న భూపాలపల్లి వంటి చోట ఇది ఒక ప్రాణాన్ని నిలిపే పని కావచ్చు. కమిటీ పెద్దలు వచ్చే జుమా నాడే ఈ విషయం ప్రస్తావించగలరని ఆశిస్తున్నాము.