పాత బండికి ఫోర్కు పట్టీ: కొలత సరిపోతేనే మేలు

మన వీధుల్లో ఇప్పటికీ పాత బండ్లకు లోటు లేదు. మైసూరులో తయారైన యెజ్డీ, తిరువొత్తియూరు బుల్లెట్టు, 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100, ఇంకా ఎన్నో. పాత యెజ్డీ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆర్ఎక్స్ 100 కూడా అదే ఏడు ఆగిపోయింది. అయినా నాయన నడిపిన బండిని కొడుకు నడుపుతున్నాడు. కంబైనల్లూరు నుంచి ధర్మపురికో, హోసూరు దిక్కుకో పనికి పోతున్నాడు. వెనక భార్య, ముందు ట్యాంకు మీద బిడ్డ.

ఈ పిల్లలు చెప్పేది ఒకటే మాట. గుంతలో దిగితే హ్యాండిలు పక్కకు గుంజుతుందంట, ముందు బ్రేకు పడితే చక్రం వణుకుతుందంట. దానికి లేత్ షాపులో ఒక అడ్డపట్టీ చేయించి ఫోర్కుకు బిగిస్తున్నారు. దీన్నే ఫోర్కు బ్రేస్ అంటారు. మంచి వస్తువే, కాదనను. కానీ కొలత తప్పిన పట్టీ అసలు పట్టీ లేనిదానికంటే ప్రమాదం. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నా.

ఫోర్కు ఎందుకు మెలిపడుతుంది

ముందు ఫోర్కుకు రెండు కాళ్ళు. పైన ఉండే ఇనుప పైపులను రెండు టీలు గట్టిగా పట్టుకుంటాయి. కింద ఉండే బాటమ్‌లు ఆ పైపుల మీద పైకీ కిందికీ జారుతాయి. ఈ రెండు బాటమ్‌లను కలిపేది చక్రం ఆక్సిల్, దాని పైన మడ్‌గార్డు పట్టీ, అంతే. పాత బండ్లకు పైపులు సన్నం, ఆక్సిల్ కూడా సన్నం. డ్రమ్ము బ్రేకు పట్టు ఒక కాలి మీదే పడుతుంది. అందుకే ఒక బాటమ్ ముందు, ఇంకొకటి వెనక అయ్యి చక్రం మెలి తిరుగుతుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. కంపెనీ ఇచ్చిన ఇనుప మడ్‌గార్డు, దాని లోపలి పట్టీ కలిసి సగం బ్రేస్ పని చేస్తాయి. చూపుకు బాగుంటుందని దాన్ని తీసేసి ప్లాస్టిక్‌ది వేసిన బండ్లే ఎక్కువ వణుకుతాయి. మీ పాత మడ్‌గార్డు అటక మీద ఉంటే ముందు దాన్ని దించి బిగించి చూడండి. పైసా ఖర్చు లేదు.

పట్టీకి ముందు చూడాల్సినవి

వణుకుకు కారణం వేరే ఉంటే పట్టీ దాన్ని దాచిపెడుతుంది, బాగుచేయదు. ముందు చక్రం బేరింగులు చూడండి. హ్యాండిలు కోన్‌సెట్ లూజుగా ఉందా, ఫోర్కు బుష్ అరిగిందా చూడండి. రెండు కాళ్ళలోనూ ఆయిల్ సమానంగా ఉండాలి. పైపు తీసి అద్దం పలక మీద దొర్లించండి. కింద వెలుతురు సందు పెరుగుతూ తగ్గుతూ కనబడితే పైపు వంకర. వంకర పైపుకు పట్టీ వేయకూడదు.

కొలత

మిల్లులో రింగ్ ఫ్రేమ్ దగ్గర పని చేసినవాళ్ళకు ఇది సుళువుగా అర్థమవుతుంది. స్పిండిలు రింగుకు నట్టనడుమ నిలవాలి. కొంచెం జరిగినా దారం తెగుతూనే ఉంటుంది. ఇక్కడా అదే లెక్క.

చక్రం వేసి, ఆక్సిల్ బిగించి, వెర్నియర్ పట్టండి. పట్టీ కూర్చునే చోట రెండు బాటమ్‌ల బయటి అంచు నుంచి బయటి అంచుకు 220 మిల్లీమీటర్లు, లోపలి అంచు నుంచి లోపలి అంచుకు 140 వచ్చిందనుకోండి. కూడితే 360, సగం 180. అది సెంటరు దూరం. ఇదే పద్ధతిలో కింది టీ దగ్గర పైపుల సెంటరు దూరం తీయండి. రెండూ ఒకటే రావాలి. రాకపోతే ఏదో వంగింది, లేదా ఆక్సిల్ బుష్ తప్పుది వేశారు. పట్టీ పని అక్కడే ఆపండి.

తర్వాత స్ప్రింగులు తీసి చక్రాన్ని పూర్తిగా పైకి నెట్టండి. పట్టీ బాటమ్‌లతోనే పైకి లేస్తుంది కాబట్టి కింది టీకి గానీ హారనుకు గానీ తగలకూడదు. టైరుకూ పట్టీకీ మధ్య 12 నుంచి 15 మిల్లీమీటర్లు వదలండి, బురదకు చోటు కావాలి.

చేసే పద్ధతి

ముందు అట్టముక్కతో, తర్వాత ప్లైవుడ్‌తో నమూనా చేసి బండి మీద పెట్టి చూడండి. ఆ తర్వాతే లోహం. 10 లేదా 12 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు చాలు. 6061 గానీ 6082 గానీ అడిగి కొనండి. పాత గిన్నెలు కరిగించి పోసింది వద్దు, విరుగుతుంది. ప్లేటును వంచకుండా కత్తిరించండి. లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి, పదునుగా వదిలితే అక్కడే చీలుతుంది. వంపు ఎంత తక్కువ ఎత్తులో ఉంటే అంత బలం.

ఒకే ముక్కగా చేయొద్దు. రెండు క్లాంపులు, వాటి మీద ఒక ప్లేటు, ఇలా మూడు ముక్కలు చేయించండి. క్లాంపు రెండు సగాల మధ్య 1 మిల్లీమీటరు రేకు పెట్టి బోల్టు వేసి లేతులో బోరు కొట్టాలి. తర్వాత రేకు తీసేస్తే బిగువుకు సందు మిగులుతుంది. ప్లేటుకు ఒక పక్క రంధ్రాలు సరిగ్గా, ఇంకో పక్క అర మిల్లీమీటరు పెద్దగా ఉండాలి. బాటమ్‌కు వెల్డింగు పెట్టకండి, డ్రిల్లు వేయకండి.

బిగించే వరస

ఆక్సిల్ నట్టు బిగించి, ఒక కాలి దగ్గర పట్టు బోల్టు లూజుగా వదిలి, ఫోర్కును అయిదారు సార్లు అదమండి. కాళ్ళు తమ చోటుకు తామే వస్తాయి. అప్పుడు పట్టు బోల్టు బిగించి, క్లాంపులు బిగించి, చివరగా ప్లేటు పెట్టండి. బోల్టులు వేలితోనే లోపలికి పోవాలి. సుత్తి అవసరమైతే కొలత తప్పినట్టే. క్లాంపు మరీ బిగిస్తే బాటమ్ నొక్కుకుపోయి లోపల పైపు పట్టేస్తుంది.

ఇప్పుడు బ్రేకు పట్టి ముందుకు అదమండి. పట్టీ లేనప్పుడు ఎంత తేలికగా దిగి లేచిందో అంతే తేలికగా దిగి లేవాలి. బరువుగా దిగినా, మధ్యలో ఆగినా వెంటనే విప్పేయండి. పట్టేసిన ఫోర్కుతో గుంతలో పడితే చక్రం రోడ్డును వదిలేస్తుంది. వెనక కూర్చున్నవాళ్ళ ప్రాణం కూడా అందులోనే ఉంది. అంతా బాగుంటే రెండు మూడు రోజులు నడిపి బోల్టులు మళ్ళీ ఒకసారి చూడండి.

పక్కింటి బండి పట్టీ అచ్చం సరిపోతుందని అరువు తేవద్దు. ఒకే మోడలు బండ్లయినా ఇన్నేళ్ళ అరుగుదల తర్వాత కొలత ఒకటిగా ఉండదు. మన కాలనీల్లో రిటైరైన మిల్లు ఫిట్టర్లు ఉన్నారు. వెర్నియర్ పట్టడం వాళ్ళ చేతికి ఇంకా మరుపు రాలేదు. లేత్ షాపుకు పోయే ముందు అబ్బాయిలు బండి తీసుకుని ఒకసారి వాళ్ళ వాకిట్లో ఆపండి. మామా, ఇది కొంచెం కొలిచి పెట్టు అంటే కాదనే ఫిట్టరు ఉండడు.