కుంచె పలికిన సాక్ష్యం

1871లో హేడెన్ నాయకత్వాన యెల్లోస్టోన్ ప్రాంతాన్ని పరిశీలింప బయలుదేరిన బృందంలో చిత్రకారుడు థామస్ మోరాన్ ఉన్నాడు. గుర్రపుస్వారీ అలవాటులేని ఆయన జీనుపై దిండు వేసికొని కొండలు దాటినాడు. లోయ అంచున నిలిచి, పసుపుపచ్చని శిలలను, జలపాతాన్ని, వేడినీటి ఊటలను నీటిరంగులలో అక్కడికక్కడే చిత్రించినాడు. వెంటనున్న జాక్సన్ ఛాయాచిత్రాలు ఆ దృశ్యాల రూపాన్ని పట్టినవి. కాని ఆనాటి కెమేరాకు రంగులు తెలియవు. ఆ లోటును కుంచె తీర్చినది.

వాషింగ్టన్‌లో వాటిని చూచిన శాసనసభ్యులకు యెల్లోస్టోన్ వింతలు కట్టుకథలు కావని తోచినది. 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో ఆ ప్రాంతం తొలి జాతీయోద్యానమైనది. అమ్మకానికి పోకుండా నిలిచినది. ఆ సంవత్సరమే మోరాన్ గీసిన పెద్ద తైలవర్ణచిత్రాన్ని అమెరికా కాంగ్రెసు 10,000 డాలర్లకు కొన్నది.

ప్రకృతిని చూచి ఆనందించుట మాత్రమే గాక, చూచినదానికి సాక్షిగా నిలుచుట కూడ చిత్రకారుని ధర్మమే.