అమెరికాలో చిన్న క్యాథలిక్ స్కూల్‌లో సీటా..? సంతకం పెట్టేముందు పేరెంట్స్ తెలుసుకోవాల్సినవి ఇవే!

డల్లాస్, న్యూజెర్సీ, అట్లాంటా.. ఎక్కడ చూసినా మన తెలుగు కుటుంబాలే. పిల్లలకు ఐదేళ్లు దగ్గరపడుతున్నాయంటే చాలు, ఇంట్లో ఒకటే చర్చ. పబ్లిక్ స్కూలా? ప్రైవేటా? ఫీజు మరీ ఎక్కువ లేకుండా, క్లాసులో పిల్లలు తక్కువగా ఉండే ప్రైవేట్ స్కూల్ కోసం వెతికితే చాలామందికి మొదట కనిపించేది క్యాథలిక్ స్కూలే. అందులోనూ వంద మంది లోపు పిల్లలతో నడిచే చిన్న ఇండిపెండెంట్ స్కూళ్లు ఇంకా ఆకట్టుకుంటాయి. ప్రిన్సిపల్‌కు ప్రతి పిల్లాడి పేరూ తెలుసు. గేటు దగ్గర టీచరే ఎదురొచ్చి పలకరిస్తారు. మన ఊళ్లో కాన్వెంట్‌లో చదువుకున్నవాళ్లకు ఆ యూనిఫాం, ఆ క్రమశిక్షణ చూడగానే సగం నమ్మకం వచ్చేస్తుంది.

కానీ మనకు తెలిసిన కాన్వెంట్ వేరు, అమెరికాలోని ఇండిపెండెంట్ క్యాథలిక్ స్కూల్ వేరు. చట్టం వేరు, డబ్బు లెక్క వేరు, హక్కులు కూడా వేరే. అడ్మిషన్ ముందు ఏమేం చూసుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఇండిపెండెంట్ అంటే ఏంటి?

అమెరికాలో క్యాథలిక్ స్కూళ్లన్నీ ఒకటే కాదు. కొన్ని ప్యారిష్ స్కూళ్లు. అంటే ఒక చర్చి పరిధిలో, అక్కడి ఫాదర్ ఆధ్వర్యంలో నడిచేవి. మన దగ్గర క్యాథలిక్కులు 'విచారణ' అనేది దీన్నే. కొన్ని డయోసీస్ స్కూళ్లు. వీటిని బిషప్ కార్యాలయం నేరుగా నడుపుతుంది. కొన్ని జెస్యూట్లు, సిస్టర్లు లాంటి సన్యాస సభలవి. ఇంకొన్నింటిని సొంత బోర్డు నడుపుతుంది. ఆ బోర్డులో చాలాసార్లు పేరెంట్స్, స్థానిక వ్యాపారులు, లాయర్లే ఉంటారు. ఈ చివరి రకాన్నే మామూలుగా ఇండిపెండెంట్ అంటున్నారు.

ఇక్కడో కీలకమైన పాయింట్ ఉంది. చర్చి చట్టంలోని 803వ నిబంధన ప్రకారం, బిషప్ లాంటి చర్చి అధికారి అనుమతి లేకుండా ఏ స్కూలూ 'క్యాథలిక్ స్కూల్' అనే పేరు పెట్టుకోకూడదు. అందుకే కొన్ని స్కూళ్లు 'క్యాథలిక్ సంప్రదాయంలో విద్య' అని మాత్రమే రాసుకుంటాయి. అలా రాసినంత మాత్రాన అది చెడ్డ స్కూల్ అని కాదు. కానీ బిషప్ కార్యాలయం పర్యవేక్షణ ఉందా, లేదా అన్నది తేల్చుకోవాలి. ఎందుకంటే టీచర్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల భద్రతపై శిక్షణ లాంటివి డయోసీస్ స్కూళ్లలో తప్పనిసరి. 2002లో అమెరికా బిషప్‌లు డల్లాస్‌లో ఆమోదించిన బాలల రక్షణ చార్టర్‌తో ఈ నిబంధనలు గట్టిపడ్డాయి. బిషప్ పరిధిలో లేని స్కూల్ అయితే ఆ పని బోర్డే చేయాలి. ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు అని అడగాల్సింది మీరే. వాలంటీర్లకు కూడా చెక్ ఉందా అన్నది మర్చిపోకుండా అడగండి.

మతం సంగతేంటి? ఇక్కడే అసలు తేడా

క్యాథలిక్ కాని పిల్లల్ని చేర్చుకుంటారా? చాలా స్కూళ్లు చేర్చుకుంటాయి. దేశవ్యాప్తంగా చూస్తే క్యాథలిక్ స్కూళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు క్యాథలిక్ కానివాళ్లే. అయితే సీట్లు తక్కువగా ఉంటే ముందు ప్యారిష్ సభ్యులకు, ఇప్పటికే చదువుతున్న పిల్లల తోబుట్టువులకు ఇవ్వడం మామూలే. పన్ను మినహాయింపు పొందే ప్రైవేట్ స్కూళ్లు జాతి, రంగు ఆధారంగా వివక్ష చూపబోమని బహిరంగంగా ప్రకటించాలి. మతం ఆధారంగా ప్రాధాన్యం ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదు.

ఇక రోజువారీ సంగతి. పొద్దున్నే ప్రార్థన ఉంటుంది. వారానికోసారి మాస్, అంటే దివ్యబలిపూజ ఉంటుంది. రిలిజియన్ అనేది మార్కులుండే సబ్జెక్ట్. రెండో గ్రేడ్‌లో క్యాథలిక్ పిల్లలు మొదటి దివ్యసత్ప్రసాదానికి తయారవుతారు. సాధారణంగా ఆ గ్రేడ్ రిలిజియన్ క్లాస్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మీ పాప ఆ క్లాసులో కూర్చుంటుంది కానీ సత్ప్రసాదం తీసుకోదు. తోటివాళ్లంతా తెల్ల గౌన్లు వేసుకుని వెళ్తుంటే తను పక్కన నిలబడాలి. ఆ రోజు పాపకు ఏం చెప్పాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. విభూది బుధవారం, తపస్సుకాలంలో శుక్రవారాలు మాంసం లేని భోజనం.. ఇవీ స్కూల్ జీవితంలో భాగమే.

మన దేశంలో రాజ్యాంగం 28వ ఆర్టికల్ ఒక రక్షణ ఇస్తుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు ఉన్న విద్యాసంస్థలో ఎవరినీ, మైనర్ అయితే వాళ్ల పేరెంట్స్ సమ్మతి లేకుండా, మతబోధనలో పాల్గొనమని ఒత్తిడి చేయకూడదు. హైదరాబాద్, విజయవాడ కాన్వెంట్లలో చదివినవాళ్లకు 'వాళ్లకు కేటకిజం, మాకు మోరల్ సైన్స్' అన్న ఏర్పాటు గుర్తుండే ఉంటుంది. అమెరికాలో పబ్లిక్ స్కూల్ ప్రార్థన చేయించకూడదు. 1962లోనే అక్కడి సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. కానీ ప్రైవేట్ స్కూల్‌కు ఆ నియమం వర్తించదు. రిలిజియన్ క్లాస్ నుంచి మినహాయింపు అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం స్కూల్ ఇష్టం. హ్యాండ్‌బుక్‌లో ఏం రాసి ఉందో అదే మీకు రూల్. బొట్టు, చేతికి తాడు, దీపావళి సెలవు.. ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి. యూనిఫాం నిబంధనల పేజీ మాత్రం ముందే చదవండి.

చిన్న స్కూల్.. లాభం ఎంత? రిస్క్ ఎంత?

లాభం స్పష్టంగా కనిపిస్తుంది. క్లాసులో పది, పన్నెండు మంది. నెమ్మదస్తుడైన పిల్లాడు వెనక బెంచీలో దాక్కోలేడు. టీచర్‌తో మాట్లాడాలంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

మరి రిస్క్? మొదటిది ఆర్థికం. ఓ ఉదాహరణ చూడండి. ఒక స్కూల్‌లో 90 మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఏడాదికి 9,000 డాలర్ల ఫీజు అనుకుందాం. మొత్తం 8,10,000 డాలర్లు. ఒక్క వేసవిలో పది మంది వెళ్లిపోతే 90,000 డాలర్లు పోయినట్టే. అంటే ఒకరిద్దరు టీచర్ల జీతం! ప్యారిష్ స్కూల్‌కు ఇలాంటి పరిస్థితి వస్తే చర్చి కొంతవరకు ఆదుకోవచ్చు. ఇండిపెండెంట్ స్కూల్‌కు దాతలే దిక్కు. 1960ల మొదట్లో అమెరికాలో దాదాపు 13,000 క్యాథలిక్ స్కూళ్లలో 52 లక్షల మంది చదివేవారు. ఇప్పుడు స్కూళ్లు 6,000 కన్నా తక్కువ. పిల్లలు 17 లక్షల దరిదాపుల్లో ఉన్నారు. ఒకప్పుడు జీతం దాదాపు లేకుండా పాఠాలు చెప్పిన సిస్టర్లు తగ్గిపోయారు. జీతమిచ్చి టీచర్లను పెట్టుకోవాల్సి వచ్చింది, దాంతో ఫీజులూ పెరిగాయి. స్కూళ్లు మూతపడటానికి ఇదీ ఒక ప్రధాన కారణం.

అందుకే ఐదేళ్ల అడ్మిషన్ల సంఖ్య అడగండి. ఏటా పెరుగుతోందా, తగ్గుతోందా? లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్నుల శాఖకు ఇచ్చే 990 ఫారంలో ఆదాయం, ఖర్చు, అప్పులు ఉంటాయి. దాన్ని ఎవరైనా చూడొచ్చు. చర్చికి అనుబంధంగా ఉన్న స్కూళ్లకు ఈ ఫారం నుంచి మినహాయింపు ఉంది కాబట్టి అన్నింటికీ దొరకదు. దొరకకపోతే బడ్జెట్ వివరాలు స్కూల్‌నే అడగండి.

రెండో రిస్క్ చదువు. రెండు గ్రేడ్‌లను కలిపి ఒకే టీచర్ చెప్పడం చిన్న స్కూళ్లలో మామూలే. బాగా చెప్పే టీచర్ ఉంటే అదీ మంచిదే. కానీ మన పేరెంట్స్‌లో చాలామంది ఆశించే మ్యాథ్స్ స్పీడ్ ఉంటుందా? ఎనిమిదో గ్రేడ్‌కు ఆల్జీబ్రా పూర్తి చేయిస్తారా? సైన్స్ ల్యాబ్ ఉందా? చేరిన రోజు కాదు, మీ పిల్లాడు ఏడో గ్రేడ్‌కు వచ్చినప్పుడు అక్కడ ఏముంటుంది అన్నది అసలు ప్రశ్న.

జాతీయ స్థాయి నేప్ పరీక్షలో క్యాథలిక్ స్కూళ్ల సగటు పబ్లిక్ స్కూళ్ల కన్నా ఎక్కువే వస్తోంది. అలాగని ఆ సగటు చూసి ఒక స్కూల్‌ను అంచనా వేయలేం. పైగా ఫీజు కట్టి చేర్పించే కుటుంబాల నేపథ్యమే వేరు. చిన్న స్కూల్ మార్కుల సగటుతో ఇంకో చిక్కు ఉంది. తొమ్మిది మంది ఉన్న క్లాసులో ఇద్దరు బాగా చదివితే సగటు అమాంతం లేస్తుంది. ఒక్క ఏడాది ఫలితం కాకుండా నాలుగైదేళ్లవి చూడండి. ఇక్కడ ఎనిమిదో గ్రేడ్ అయ్యాక పిల్లలు ఏ హైస్కూళ్లకు వెళ్లారో కూడా అడగండి.

అక్రెడిటేషన్, టీచర్లు

చాలా రాష్ట్రాల్లో ప్రైవేట్ స్కూల్ టీచర్‌కు ప్రభుత్వ లైసెన్స్ తప్పనిసరి కాదు. రాష్ట్ర పరీక్షలూ చాలా చోట్ల తప్పనిసరి కాదు. అందుకే బయటి సంస్థ ఇచ్చే అక్రెడిటేషన్‌కు విలువ. కాగ్నియా లాంటి సాధారణ సంస్థలున్నాయి. పశ్చిమ రాష్ట్రాల్లో క్యాథలిక్ స్కూళ్ల కోసమే పనిచేసే డబ్ల్యూసీఈఏ ఉంది. ఎలిమెంటరీలో ఇది లేకపోయినా పబ్లిక్ స్కూల్‌కు మారడం పెద్ద కష్టం కాదు. హైస్కూల్ అయితే మాత్రం క్రెడిట్లు బదిలీ అవుతాయా లేదా అన్నది దీనిపైనే ఆధారపడొచ్చు.

పిల్లలకు ప్రత్యేక సాయం కావాలా? ఇది తప్పక చదవండి

ఆటిజం, డిస్‌లెక్సియా, మాటలు ఆలస్యం కావడం.. ఇలాంటివి ఉంటే జాగ్రత్తగా ఆలోచించాలి. పబ్లిక్ స్కూల్‌లో ఐఈపీ అనే ప్రణాళిక ప్రకారం సాయం అందించడం చట్టపరమైన బాధ్యత. మీరే ఇష్టపడి ప్రైవేట్ స్కూల్‌లో వేస్తే ఆ హక్కు మీతో రాదు. స్కూల్ ఉన్న ప్రాంతంలోని ప్రభుత్వ డిస్ట్రిక్ట్ పిల్లాడిని ఉచితంగా పరీక్షించాలి. కొంత పరిమిత సాయం కూడా ఇవ్వొచ్చు. పూర్తి సేవలు కావాలని పట్టుబట్టే హక్కు మాత్రం ఉండదు. వికలాంగుల హక్కుల చట్టంలో ప్రైవేట్ సంస్థలకు సంబంధించిన భాగం కూడా మతసంస్థలకు వర్తించదు. స్కూల్ 'చూసుకుంటాం లెండి' అంటే సరిపోదు. ఎవరు, వారానికి ఎన్ని గంటలు, ఏ శిక్షణతో చూసుకుంటారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఫీజు ఒక్కటే కాదు.. కాంట్రాక్ట్ కూడా చదవండి

వెబ్‌సైట్‌లో కనిపించే ట్యూషన్ ఫీజు మొదటి అంకె మాత్రమే. రిజిస్ట్రేషన్, పుస్తకాలు, యూనిఫాం, ఆఫ్టర్ కేర్ వేరు. చాలా చోట్ల ప్యారిష్ సభ్యులకు ఒక రేటు, బయటివాళ్లకు ఒక రేటు. ఏడాదికి ఇన్ని గంటలు వాలంటీర్‌గా పనిచేయాలని, ఫండ్‌రైజింగ్‌లో పాల్గొనాలని షరతులుంటాయి. చేయకపోతే డబ్బు కట్టాలి. స్కూల్ బస్, వేడి భోజనం చిన్న స్కూళ్లలో చాలాసార్లు ఉండవు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఇది పెద్ద విషయమే.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఎన్‌రోల్‌మెంట్ కాంట్రాక్ట్. చాలా కాంట్రాక్టుల్లో ఒక తేదీ దాటాక పిల్లాడు మానేసినా ఏడాది ఫీజు మొత్తం కట్టాల్సిందేనని ఉంటుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు దీన్ని రెండుసార్లు చదవాలి. ఉద్యోగం పోతే, సాధారణంగా దొరికే గడువు 60 రోజులే. మరో ఊరికో, ఇండియాకో వెళ్లాల్సి వస్తే ఫీజు బాకీ వెంట వస్తుంది. ఉద్యోగం పోయినా, వీసా కారణంగా దేశం విడిచి వెళ్లాల్సి వచ్చినా ఫీజు ఆపేలా ఒక క్లాజ్ చేర్చమని సంతకానికి ముందే అడగండి. చిన్న స్కూళ్లలో అడిగితే ఒప్పుకునే అవకాశం ఉంటుంది. సంతకం అయ్యాక అడిగితే లాభం తక్కువ.

పన్ను సంగతికొస్తే, ట్యూషన్ ఫీజుకు ఫెడరల్ పన్నులో మినహాయింపు లేదు. 529 పొదుపు ఖాతా నుంచి మాత్రం స్కూల్ ఫీజు కట్టొచ్చు. ఏడాదికి 10,000 డాలర్లుగా ఉన్న ఆ పరిమితి 2026 నుంచి 20,000 డాలర్లకు పెరిగింది. అయితే కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు తమ రాష్ట్ర పన్నులో దీన్ని ఒప్పుకోవు. ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాలు ప్రైవేట్ స్కూల్ ఫీజుకు ప్రభుత్వ సాయం ఇస్తున్నాయి. టెక్సస్‌లో 2025లో చట్టమైన పథకం 2026-27 విద్యాసంవత్సరం నుంచి మొదలవుతుంది. స్కూల్ అందులో చేరిందా, మీ పిల్లలకు అర్హత ఉందా అన్నది విడివిడిగా చూసుకోవాలి.

స్కూల్ చూడటానికి వెళ్లినప్పుడు అడగాల్సినవి

• బిషప్ గుర్తింపు ఉందా? లేకపోతే పర్యవేక్షణ ఎవరిది?
• బోర్డులో ఎవరున్నారు? ఫిర్యాదు ప్రిన్సిపల్ మీదే అయితే ఎవరికి చెప్పాలి?
• గత మూడేళ్లలో ఎంతమంది టీచర్లు మారారు? ప్రిన్సిపల్ ఎన్నేళ్లుగా ఉన్నారు?
• క్యాథలిక్ కాని పిల్లలు ఎంతమంది? మాస్ సమయంలో వాళ్లు ఏం చేస్తారు?
• మధ్యలో స్కూల్ మూతపడితే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారా?

ఓపెన్ హౌస్ రోజున అన్నీ అందంగానే ఉంటాయి. వీలైతే మామూలు మంగళవారం వెళ్లండి, ఓ గంట క్లాసులో కూర్చోండి. స్కూల్ మానేసిన కుటుంబంతో కూడా ఓసారి మాట్లాడండి. ఈ ప్రశ్నలు అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడొద్దు. ధైర్యంగా నడిచే స్కూల్ వీటికి కాగితాలు చూపించి సమాధానం చెబుతుంది. నవ్వేసి మాట మార్చితే, మీకు కావాల్సిన జవాబు అందులోనే ఉంది.