పొద్దు గూకే వేళ పిల్లల సైకిళ్ళు

దీపావళి దాటిందంటే పదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో సాయంత్రం పూట ఒక ఎదురుచూపు మొదలవుతుంది. చాలా హైస్కూళ్ళలో బడి నాలుగుంబావుకు అయిపోతుంది. ఆ తరువాత గంటసేపు స్పెషల్ క్లాసు. పుస్తకాలు సర్దుకుని, సైకిళ్ళు బయటికి తీసి, ఒకరి కోసం ఒకరు ఆగి బయలుదేరేసరికి అయిదున్నర. ఊరు ఆరేడు కిలోమీటర్లు. నలుగురైదుగురు, ఒక్కోసారి పదిమంది కలిసి వస్తారు. సగం దారిలోనే చీకటి పడుతుంది. ఇంటి దగ్గర అమ్మ వాకిట్లోకీ లోపలికీ తిరుగుతూ ఉంటుంది.

డిసెంబరు 21, 22 తేదీలలో పగలు అన్నిటికన్నా చిన్నది కనుక పొద్దు కూడా అప్పుడే తొందరగా గూకుతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. నల్లగొండలో పొద్దు ఏడాది మొత్తంలో ముందుగా గూకేది నవంబరు మూడు, నాలుగు వారాలలో. అప్పుడు 5.40కి కాస్త ముందే సూర్యుడు కనిపించకుండా పోతాడు. మహబూబ్‌నగర్ పడమట ఉంది కనుక అక్కడ అయిదు నిమిషాలు ఆలస్యం. క్రిస్మస్ నాటికే ఏడెనిమిది నిమిషాలు వెసులుబాటు వస్తుంది. జూలైలో 6.50 వరకు వెలుగు చూసిన పిల్లలు నవంబరులో ఆరు గంటలకే చీకట్లో తొక్కుతుంటారు. అంటే స్పెషల్ క్లాసులు మొదలయ్యే రోజులూ, పొద్దు తొందరగా గూకే రోజులూ ఒకటే. జాగ్రత్తలు డిసెంబరులో చలి ముదిరాక కాదు, దీపావళి నాటికే మొదలుపెట్టాలి.

ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. చీకటి భయంతో ఆడపిల్లను స్పెషల్ క్లాసు మాన్పించిన తల్లిదండ్రులు, చివరికి బడే మాన్పించినవారు మనలో ఉన్నారు. వారి భయం అబద్ధం కాదు. అయితే సైకిల్ ఆపడం దానికి మందు కాదు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చే పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని లెక్కగట్టారు. ఆ వయసు ఆడపిల్లలలో హైస్కూలులో చేరేవారు 32 శాతం పెరిగారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడికి మూడు కిలోమీటర్లు, అంతకన్నా ఎక్కువ దూరం ఉన్న ఊళ్ళలో మేలు ఎక్కువగా కనిపించింది. ఒక్క పిల్ల వెళ్ళడానికి జంకే దారిలో పదిమంది కలిసి వెళ్ళగలరు. మన పిల్లలకు ఆ గుంపు ఉండనే ఉంది. దాన్ని ఒక పద్ధతిలో పెట్టుకోవడమే మిగిలింది.

డ్రైవరు కంటికి ఏమి కనిపిస్తుంది?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 16, 17 మీటర్లు దాటుతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు సుమారు సెకనున్నర పడుతుంది. ఆ లోపే బండి 25 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద కూడా ఇంకో 20 మీటర్లు. మొత్తం 45 మీటర్లు. నల్ల స్వెట్టరు వేసుకున్న పిల్లవాడు డిమ్ లైటులో 25, 30 మీటర్ల దూరానికి వస్తే గాని కనిపించడు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆ డ్రైవరు తాగి ఉండనక్కరలేదు, చెడ్డవాడు కానక్కరలేదు.

అదే సైకిల్ వెనక మడ్‌గార్డు మీద రేడియం స్టిక్కరు ఉంటే 150 మీటర్ల నుండే మెరుస్తుంది. పెడళ్ళకు, చీలమండల దగ్గర కూడా రేడియం ఉంటే మరీ మంచిది. పైకీ కిందికీ కదిలే మెరుపును చూడగానే అక్కడ మనిషి తొక్కుతున్నాడని మెదడు పసిగడుతుంది. కదలని మెరుపైతే కిలోమీటరు రాయి అనుకోవచ్చు. స్వెట్టరు నల్లది కొనకండి, ఉన్నదైతే దానిపైన తెల్లచొక్కా తొడగండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

స్టిక్కరు మీద దుమ్ము, బురద పడితే పనిచేయదు. ఆదివారం సైకిల్ తుడిచేటప్పుడు ముందు దాన్నే తుడవాలి.

పాత సైకిళ్ళకు ఉండే డైనమో లైటును మేము తక్కువ చేయం. కానీ అది చక్రం తిరిగినంతసేపే వెలుగుతుంది. మన దారులన్నీ గుట్టల మధ్య ఎత్తుపల్లాలు. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గి లైటు మినుకుమంటుంది, చైను ఊడి ఆగితే పూర్తిగా ఆరిపోతుంది. వెలుగు ఎక్కువ అవసరమైన చోటే అది ఉండదు. అందుచేత సెల్లుతో వెలిగే చిన్న ఎర్రలైటు ఒకటి వెనక బిగించాలి. దాని ఖరీదు సాధారణంగా ఒక కిలో కోడిమాంసం కంటే తక్కువే. ప్రతి సైకిల్‌కూ కొనలేకపోతే గుంపుకు ఒకటైనా కొనండి. అది ఎవరి సైకిల్‌కు ఉండాలో ఇప్పుడు చెబుతాము.

గుంపు ఎలా నడవాలి?

పగలు ముగ్గురు పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కడం పిల్లల సరదా. పొద్దు గూకాక ఒకరి వెనక ఒకరు, రోడ్డు ఎడమవైపున, రెండు సైకిళ్ళ పొడవు ఎడం వదిలి రావాలి. అందరికన్నా వెనక పెద్దవాడు, నిదానస్తుడు ఉండాలి. ఎర్రలైటు అతనికే. సాధారణంగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బలమైనవాడు కొత్త సైకిల్‌తో ముందు దూసుకుపోతాడు. చిన్నపిల్ల, గాలి తగ్గిన టైరు, లైటు లేని సైకిల్ ఇవన్నీ వెనకబడతాయి. వెనక నుండి వచ్చే లారీకి మొదట ఎదురయ్యేది ఆ సైకిలే.

ముందుండే పిల్లో పిల్లవాడో హ్యాండిల్‌కు టార్చిలైటు కట్టుకుని, అందరిలో నెమ్మదిగా తొక్కేవారి వేగానికి తగ్గి నడపాలి. గుంతగానీ రాయిగానీ కనబడితే కేకవేయాలి. వెనకవాడు బండి వస్తుంటే "బండీ!" అని అరవాలి. అది వినపడాలంటే చెవులు మూసే మఫ్లరు వద్దు, ఇయర్‌ఫోను అసలే వద్దు. చలికి తల మీద టోపీ చాలు. ఆడపిల్లలు చున్నీని నడుముకు కట్టుకోవాలి. జారిన కొస చక్రంలో పడితే మెడకు ఉరిలా బిగుస్తుంది. ఎదురుగా పెద్ద లైటు వేసుకుని బండి వస్తే దాని వైపు చూడకుండా, రోడ్డు ఎడమ అంచును చూస్తూ వేగం తగ్గించాలి. ఆ వెలుగు పోయాక కంటికి చూపు కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

ఒకరికి పంక్చరైతే అందరూ ఆగాలి. అయితే తారు మీద కాదు, మట్టిలోకి దిగి ఆగాలి. ప్రతి మలుపులో తలలు లెక్కపెట్టుకోవాలి. ఎవరైనా వెంటపడి సతాయిస్తే ఆగి జవాబు చెప్పకుండా దగ్గరున్న దుకాణం వరకు కలిసే వెళ్ళి, 112కు ఫోన్ చేయించాలి.

మనం ఆరబోసిన వడ్లు

ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. నవంబరు, డిసెంబరులలో వానాకాలం పంట కోతకు వస్తుంది. నల్లగొండ, మిర్యాలగూడ వైపు రోడ్డులో సగం వడ్లే. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోయాలి అనే ప్రశ్న న్యాయమైనదే. కానీ సాయంత్రం ఆ కుప్ప మీద నల్ల పరదా కప్పి చుట్టూ పెద్ద రాళ్ళు పెట్టి ఇంటికి వెళతాము. చీకట్లో నల్ల పరదా తారులో కలిసిపోతుంది. పిల్లల గుంపు ఎడమ అంచు వదిలి రోడ్డు నడిమధ్యకు రావలసి వస్తుంది, సరిగ్గా అక్కడే వెనక నుండి బండి వస్తుంది. వడ్లు ఎత్తేశాక కూడా రాళ్ళు అక్కడే పడి ఉంటాయి. చెల్లాచెదరైన గింజల మీద సైకిల్ టైరు ఇసుక మీద జారినట్టు జారుతుంది. రోడ్డు మీద పోయకపోవడమే సరైనది. అది కుదరనినాడు కనీసం కుప్పకు రెండు చివరలా రేడియం అతికించిన డబ్బా పెట్టండి, రాళ్ళను ఎత్తిన రోజే తీసివేయండి. ఆ దారిన వచ్చేది మన పిల్లలే.

పత్తి ట్రాలీలు మరో సంగతి. బస్తాలు, పట్టాలు ట్రాలీ పక్కలకు పొంగి ఉంటాయి, వెనక లైటు ఉండదు. ట్రాలీ దాటిపోయింది అనుకుని పిల్లలు రోడ్డు మీదికి వస్తే దాని వెనకే ఇంకొకటి ఉంటుంది. హార్వెస్టరు కనిపిస్తే సైకిల్ దిగి నిలబడటమే మంచిది.

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న సైకిళ్ళ కోసమే 23 కిలోమీటర్ల దారి ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, రాత్రి లైట్లు. ఉద్యోగాలు చేసుకునేవారు సాయంత్రం గుంపులుగా వచ్చి వ్యాయామం కోసం తొక్కుతున్నారు, సంతోషమే. మన పిల్లలది వ్యాయామం కాదు, ఇంటికి చేరడం.

దమ్ము, చూపు

చలికాలపు సాయంత్రం నేల దగ్గర గాలి ముందు చల్లబడుతుంది, పైన గాలి ఇంకా వెచ్చగా ఉంటుంది. చల్లటి గాలి బరువు కనుక పైకి లేవదు. గడ్డి కాల్చిన పొగ, పొయ్యి పొగ, ఇటుక బట్టీల పొగ అన్నీ రోడ్డు మీదే పరుచుకుని ఉంటాయి. దమ్ము ఉన్న పిల్లలు ఈ చల్లని పొడిగాలిని నోటితో పీలుస్తూ గట్టిగా తొక్కితే కొద్ది నిమిషాలలోనే పిల్లికూతలు, దగ్గు మొదలవుతాయి. కొందరికి ఇంటికి చేరి సైకిల్ దిగాక వస్తాయి. స్నేహితుల ముందు చెప్పడానికి సిగ్గుపడి పిల్లలు ఓర్చుకుంటారు. అలాంటి పిల్లను గుంపులో ముందువాని వెనకే ఉంచాలి. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా తొక్కాలి, ముక్కుకు పలుచని గుడ్డ కట్టుకోవాలి. డాక్టరు రాసిన నీలిరంగు పంపు ఇంట్లో కాదు, బడిసంచి బయటి అరలో ఉండాలి. బయలుదేరే ముందు పీల్చాలా అనేది మీ డాక్టరును అడిగి తెలుసుకోండి.

చీకటి పడితే తడుముకుంటున్న పిల్లను మందమతి అనకండి. అది రేచీకటి కావచ్చు, దూరపు చూపు తగ్గడం కావచ్చు. విటమిన్ ఎ లోపంలో మొదట పోయేది చీకటి చూపే. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు, కాలేయం తినిపించండి, కంటి పరీక్ష మాత్రం తప్పక చేయించండి.

పెద్దలకు రెండు మాటలు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు, కొన్నిరకాల మాత్రలు వాడేవారు సాయంత్రం సైకిల్ తొక్కితే చక్కెర పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆగి జేబులోని చక్కెరో బెల్లమో తినాలి. ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మన పెద్దవారిలో చాలామందికి మెడ, వెన్ను బిగుసుకుని ఉంటాయి. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినా ఎముకలో పేరుకున్నది పోదు. మెడ తిప్పలేని మనిషి వెనక వచ్చే బండిని చూడలేడు. పాలడబ్బాలతో ఒంటరిగా వచ్చే అలాంటి పెద్దాయనను పిల్లల గుంపు తమ మధ్యలో ఉంచుకుని రావచ్చు. క్రిస్మస్ క్యారల్స్‌కు రాత్రిళ్ళు తిరిగే యువకులకూ ఇవే నియమాలు వర్తిస్తాయి.

ఖర్చులేని ఉపాయం ఒకటి ఉంది. స్పెషల్ క్లాసును సాయంత్రానికి బదులు ఉదయం బడికి ముందు పెట్టమని హెడ్‌మాస్టరుగారిని అడగండి. మన దగ్గర ఎంత చలి రోజులలోనైనా ఏడు గంటల లోపే తెల్లవారుతుంది. కుదరకపోతే దూరపు ఊళ్ళ పిల్లలను ఇరవై నిమిషాలు ముందు పంపమనండి. ఒక్కరు అడిగితే కాదనవచ్చు గాని, ఊరి తల్లిదండ్రులు పదిమంది కలిసి వెళితే వింటారని మా నమ్మకం.

ఇంత చేసినా ఎవరైనా పడితే, ముందు మిగతా పిల్లలను రోడ్డు కిందికి దించి, టార్చి వెనక్కి చూపుతూ ఒకరు నిలబడాలి. స్పృహ లేనివారికి నీళ్ళు పట్టించకూడదు, కూర్చోబెట్టకూడదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. తలకు దెబ్బ తగిలాక పైకి బాగానే ఉన్నా వాంతులు, మత్తు, తికమక మాటలు కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి. సాయం చేస్తే పోలీసు కేసు మీద పడుతుందని భయపడనక్కరలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సాయపడినవారికి రక్షణ ఇచ్చింది. 108కి ఫోన్ చేసినప్పుడు "చెరువు కట్ట దగ్గర" అంటే ఏ చెరువో వారికి తెలియదు. దగ్గరలోని కిలోమీటరు రాయి మీద ఉన్న ఊరి పేరు, అంకె చెప్పండి. పిల్లలు రోజూ వచ్చే దారిలో ఏ రాయి మీద ఏ అంకె ఉందో ఒక ఆదివారం పగటి పూట వారితో కలిసి వెళ్ళి చదివించి పెట్టండి.