నిరూపణ, నమ్మకం, పూచీ: క్రిప్టో జూదపు సైట్లలో నిర్వాహకుల అజ్ఞాతత్వం

వ్యాససంగ్రహం: బిట్‌కాయిన్ వంటి క్రిప్టో కరెన్సీలతో జూదం ఆడించే సైట్లు తమ ఆటలో మోసం లేదని గణితం ద్వారా నిరూపించి చూపుతాయి. వాటిని నడిపేవారెవరో మాత్రం చాలా సందర్భాల్లో తెలియదు. ఆ నిరూపణ దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అనే అంశాన్ని ప్రధానంగా సతోషీడైస్ అనే సైటు ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: క్రిప్టో కరెన్సీ, జూదం, హాష్, అజ్ఞాతత్వం, పూచీ, ద్యూతాధ్యక్షుడు

1. ప్రస్తావన

సభాపర్వంలోని ద్యూతఘట్టాన్ని బోధిస్తున్నప్పుడు ఒక విద్యార్థి, ఇప్పటి ఆన్‌లైన్ పాచికల్లో శకునికి చోటు లేదని, ప్రతి పందాన్నీ ఆటగాడే సరిచూసుకోవచ్చని అన్నాడు. సాంకేతికంగా అతని మాటలో తప్పు లేదు. అయితే ఆ ఘట్టంలో ధర్మరాజు లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకటి పాచికలకు సంబంధించినది కాదు. పందెపు ధనం దుర్యోధనుడిది, పాచికలు వేసేది శకుని. ఒకరి కోసం మరొకరు ఆడడం తనకు సరిగా తోచడం లేదని ధర్మరాజు అంటాడు. ఆడే చేయి ఎవరిది, చెల్లించవలసినవారెవరు అన్నదే అక్కడి ప్రశ్న. అయినా ఆ సభలో ఇద్దరూ ఎదుటనే ఉన్నారు.

పరిభాష గురించి ఒక మాట. పేరు తెలియనివాడనే అర్థంలో ‘అనామకుడు’ అన్న మాట ఉన్నా, వాడుకలో అది లెక్కలోకి రానివాడనే అర్థాన్ని సంతరించుకుంది. జూదపు సైటును చాటునుండి నడిపేవాడు లెక్కలోకి రానివాడు కాడు, లెక్కలన్నీ అతని చేతిలోనే ఉంటాయి. అందుచేత ఈ వ్యాసంలో ‘అజ్ఞాతత్వం’ అనే మాటను వాడుతున్నాను.

2. పాచికను నిరూపించే విధానం

ఈ పద్ధతిని సీలు వేసిన టెండరు కవరుతో పోల్చవచ్చు. పందానికి ముందే సైటు ఒక రహస్య సంఖ్యను ఎంచుకుంటుంది. దాన్ని బయటపెట్టకుండా, దాని హాష్‌ను మాత్రం ప్రకటిస్తుంది. హాష్ అంటే ఒక సమాచారం నుండి స్థిరమైన సూత్రం ప్రకారం ఏర్పడే సంకేతం. షా-256 అనే సూత్రం ఎంత పెద్ద సమాచారాన్నైనా 256 బిట్ల సంకేతంగా మారుస్తుంది. మూలంలో ఒక్క అక్షరం మారినా సంకేతం పూర్తిగా వేరవుతుంది. సంకేతం నుండి మూలాన్ని రాబట్టడం ఆచరణలో అసాధ్యం. ఆటగాడి వైపునుండి మరొక అంశం దీనికి జతవుతుంది. రెండింటినీ కలిపి లెక్కిస్తే పాచిక ఎలా పడిందో తేలుతుంది. ఆ తరువాత సైటు రహస్య సంఖ్యను వెల్లడిస్తుంది. ఎవరైనా దాని హాష్‌ను లెక్కించి, ముందు ప్రకటించినదానితో సరిపోల్చుకోవచ్చు. రెండూ ఒకటైతే, పందెం చూశాక సైటు పాచికను మార్చలేదని అర్థం.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన సైట్లలో సతోషీడైస్ ముఖ్యమైనది. ఎరిక్ వూర్హీస్ అనే అమెరికన్ దీన్ని 2012 ఏప్రిల్‌లో ప్రారంభించాడు. ఇందులో ఖాతా తెరవనక్కరలేదు, పేరు చెప్పనక్కరలేదు. సైటు ప్రకటించిన చిరునామాల్లో ఒకదానికి బిట్‌కాయిన్ పంపడమే పందెం కాయడం. ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్యను, సైటు రహస్య సంఖ్యను కలిపి లెక్కించగా 65,536 సంఖ్యల్లో ఒకటి వచ్చేది. అది ఆటగాడు ఎంచుకున్న చిరునామాకు నిర్ణయించిన హద్దుకంటే తక్కువైతే గెలుపు. 2012లో బిట్‌కాయిన్ లావాదేవీల్లో పెద్ద భాగం ఈ ఒక్క సైటువే.

3. నిరూపణకు అందనివి

హాష్ నిరూపించేది గడిచిపోయిన పాచికను. గెలిచినవాడికి సొమ్ము అందుతుందా, సైటు దగ్గర అంత సొమ్ము అసలు ఉందా, రేపు ఉదయానికి సైటు ఉంటుందా అన్నవి దాని పరిధిలోనివి కావు. పాచిక గణితం, చెల్లింపు వాగ్దానం. వాగ్దానానికి తెలుగులో చక్కని తోడుమాట ‘పూచీ’ ఉంది. నమ్మకం ఆటగాడి మనసులో ఉండేది, పూచీ ఎదుటివాడి మెడకు చుట్టుకునేది. పూచీ పడాలంటే మనిషి కావాలి.

2013 జూలైలో సతోషీడైస్ 1,26,315 బిట్‌కాయిన్లకు అమ్ముడుపోయింది. నాటి విలువ సుమారు 1.15 కోట్ల డాలర్లు. కొన్నవారి పేరు ప్రకటించలేదు. అమ్మకానికి ముందురోజు పాచిక ఎంత నిరూపితమో మర్నాటి పాచిక కూడా అంతే నిరూపితం. సొమ్ము రాకపోతే ఎవరిని నిలదీయాలన్నది మాత్రమే మారింది. పాత నిర్వాహకుడి సంగతి వేరు. సతోషీడైస్ వాటాలను రిజిస్టరు చేయకుండా ప్రజలకు అమ్మాడన్న అభియోగంపై అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ చర్య తీసుకోగా, వూర్హీస్ 2014 జూన్‌లో 50 వేల డాలర్లకు పైగా చెల్లించి రాజీ చేసుకున్నాడు. నోటీసు అందజేయడానికి అక్కడ ఒక పేరు ఉంది.

అంతకంటే సూక్ష్మమైన లోపం మరొకటి ఉంది. రహస్య సంఖ్య తెలిసినవాడికి ఏ పందెం గెలుస్తుందో ముందే తెలుస్తుంది. అతడు మారు చిరునామాతో ఆటగాడిగా వచ్చి వరుసగా గెలిచినా హాష్‌లన్నీ సరిపోతూనే ఉంటాయి. నష్టపోయేది ఆ సైటులో వాటాలు కొన్నవారు, గెలుపులు చెల్లించే నిధికి పెట్టుబడి పెట్టినవారు. గెలిచినవాడు ఎవరో, నడిపేవాడు ఎవరో తెలియని చోట ఆ ఇద్దరూ ఒకరేనన్న అనుమానాన్ని తీర్చుకునే మార్గం లేదు. క్రిప్టోకు ముందుతరం పోకర్ సైటైన అల్టిమేట్‌బెట్‌లో కొన్ని ఖాతాలకు ఎదుటివారి పేకముక్కలు కనిపించేవి. నమ్మశక్యం కాని గెలుపు సగటులను లెక్కగట్టి ఆటగాళ్లే దాన్ని బయటపెట్టారు. లైసెన్సు ఇచ్చిన కానావాకే గేమింగ్ కమిషన్ 2008 సెప్టెంబరులో ప్రధాన బాధ్యుడి పేరు ప్రకటించి, సొమ్ము తిరిగి చెల్లించాలని ఆదేశించింది. లెక్కలు మోసాన్ని పట్టుకున్నాయి. సొమ్మును వెనక్కి రప్పించడానికి ఒక కంపెనీ, ఒక కమిషన్ కావలసి వచ్చాయి.

బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీ నకమోతో కూడా అజ్ఞాతుడే కదా అని ఆక్షేపించవచ్చు. 2008 అక్టోబరు 31న తన పత్రాన్ని ప్రకటించిన ఆ వ్యక్తి ఎవరో నేటికీ నిర్ధారణ కాలేదు. కానీ అతడు ఎవరి సొమ్మునూ తన దగ్గర ఉంచుకోలేదు. అతని ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, నడపవచ్చు. సూత్రం చెప్పినవాడి అజ్ఞాతత్వం, సొమ్ము పట్టుకున్నవాడి అజ్ఞాతత్వం ఒకటి కావు. జూదపు సైట్లు తమ ప్రచారంలో మొదటిదాని గౌరవాన్ని రెండోదానికి అరువు తెచ్చుకుంటాయి.

4. తెలిసిన చోటు, తెలిసిన పేరు

కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలోని ద్యూతప్రకరణం ఈ సందర్భంలో పరిశీలించదగినది. జూదాన్ని ద్యూతాధ్యక్షుడు ఒకేచోట ఆడించాలి. వేరేచోట ఆడితే 12 పణాల దండుగ. గూఢంగా జీవించేవారిని కనిపెట్టడమే దీని ఉద్దేశమని కౌటిల్యుడు స్పష్టంగా చెబుతాడు. దోషంలేని గవ్వలు, పాచికలు అధ్యక్షుడే సమకూర్చాలి. గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతులు అతడు వసూలు చేస్తాడు. శుద్ధమైన పాచిక, తెలిసిన చోటు అనే రెండింటినీ అతడు కలిపే విధించాడు. క్రిప్టో సైట్లు మొదటిదాన్ని ద్యూతాధ్యక్షుడు ఊహించలేనంత చక్కగా సాధించి, రెండోదాన్ని వదిలివేశాయి.

లైసెన్సు ముద్ర ఈ లోటును కొంతే పూడ్చింది. ఇలాంటి సైట్లలో చాలావాటికి ఆధారమైన కురసావ్ ద్వీపంలో 1993 నాటి చట్టం కింద కొద్దిమంది ప్రధాన లైసెన్సుదారులే ఇతరులకు ఉపలైసెన్సులు ఇచ్చేవారు. ఆ పద్ధతిని తొలగించే కొత్త చట్టం 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది.

తెలుగు ఆటగాడి స్థితి ఇంకా క్లిష్టమైనది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు, గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీలులేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కనుక నిర్వాహకుడి పేరు తెలిసినా గెలుపు సొమ్మును ఇక్కడి కోర్టు ఇప్పించదు. పేరు అక్కరకు వచ్చేది నేర దర్యాప్తుకే. పంపిన బిట్‌కాయిన్‌ను వెనక్కి రప్పించే బ్యాంకూ లేదు.

ఇంతా చేసి, అజ్ఞాతత్వం ఇరువైపులా సమానంగా కూడా ఉండదు. పేరు అడగకుండా పందెం కాయనిచ్చిన సైటు, పెద్ద మొత్తం గెలిచి తీసుకోబోయేసరికి గుర్తింపు పత్రాలు అడగడం కద్దు. అప్పటికి సొమ్ము వారి దగ్గరే ఉంటుంది. ఆటగాడు తన ఆధార్, పాన్ కార్డుల ఫొటోలు తీసి, ఎవరికి పంపుతున్నాడో తెలియకుండానే పంపుతాడు.