గంటము మొనకన్న సన్నని గీతలు

తాటాకుపై గంటముతో వ్రాయు కాలమున మొన యెంత సన్ననో గీతయు నంత సన్నన. మొనను మించి సన్నగా గీయుట యెవరికిని సాధ్యము కాలేదు. నేడు కాంతియే గంటమై, తన మొనకన్న సన్నని గీతలను తీర్చుచున్నది. అదెట్లో సంగ్రహముగా వివరింతుము.

1960లో అమెరికాలో థియొడోర్ మెయిమన్ తొలి లేజరును వెలిగించెను. 1965లో మిల్టన్ బర్న్‌బామ్ కెంపు లేజరు కాంతి సోకిన అర్ధవాహకములపై సమాంతరములైన సన్నని చాళ్ళను గాంచెను. వానినెవరును చెక్కలేదు, తమంత తామే యేర్పడినవి.

కారణమిది. నునుపైన తలముమీదను సూక్ష్మమైన యెగుడుదిగుడు లుండును. వానిని తాకిన కాంతి కొంత చెదరి, తలము వెంబడి తరంగమై పాకి, పైనుండి వచ్చు కాంతితో కలియును. చెఱువులో రెండు రాళ్ళు వేసినచో అలలు ఒకచోట కలిసి పెరుగును, వేఱొకచోట అణగిపోవును గదా! అట్లే యిచట వెలుగు చాళ్ళును చీకటి చాళ్ళును ఏర్పడును. వెలుగు హెచ్చినచోట పదార్థము లేచిపోయి గాడి పడును. ఆ గాడి తరువాతి కాంతిని మఱింత క్రమముగా చెదరించును. ఇట్లు ప్రతి తాకిడికిని వరుస బలపడును.

గీత చెదరకుండుటకు కాంతి అత్యల్పకాలమే తాకవలెను. సెకనును వేయి భాగములు చేసి, అందొక భాగమును మరల వేయి చేయుచు, ఇట్లు ఐదుమార్లు చేసిన వచ్చునది ఫెమ్టోసెకను. కాచిన అట్లకాడ వేడి పిడికి ప్రాకుటకు కొంత కాలము పట్టును. కొన్ని వందల ఫెమ్టోసెకనులలో ముగియు వెలుగు, వేడి చుట్టుప్రక్కలకు ప్రాకకమునుపే తన పని తీర్చుకొనును. అట్టి వెలుగును సాగదీసి, బలపఱచి, మరల కుదించు ఉపాయమును 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మురూ కనుగొని, 2018లో నోబెల్ బహుమానమున పాలుపొందిరి.

2003లో జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు సిలికా గాజు లోపలనే యిట్టి వరుసలను జూపిరి. కాంతి తరంగదైర్ఘ్యము 800 నానోమీటర్లు. గీత వెడల్పు 20 నానోమీటర్ల వఱకు తగ్గెను. కాంతి కంపించు దిక్కును త్రిప్పిన గీతల దిక్కును మాఱును. ఈ దిక్కులనే సంకేతములుగా గ్రహించి గాజులో గ్రంథములను దాచవచ్చును. 2016లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమువారు 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనను అట్లు గాజుబిళ్ళలో నిక్షేపించిరి.

తాటాకును పురుగు తినును, కాగితము పొడియగును. తంజావూరు సరస్వతీమహలులోని తెలుగు తాళపత్రములు నేటికి నిలిచియుండుట వానిని కాపాడినవారి శ్రద్ధవలననే. గాజు అంతకన్న చిరకాలము నిలువవచ్చును. కాని విద్యార్థులారా, గాజు దాచగలదేగాని చదువలేదు. అందలి అక్షరము నెఱిగినవారు లేనినాడు అది వట్టి గాజుబిళ్ళయే. ఎఱుగుట మన పని.