అనుకోని ఖర్చు – డెల్టా రైతు ఇంటి పద్దు

గోదావరి డెల్టాలో వరి పండించు రైతు చేతికి పెద్ద మొత్తము ఏడాదికి రెండు పర్యాయములే వచ్చును. సార్వా ధాన్యము అమ్మిన డబ్బు సంక్రాంతికి ముందు, దాళ్వా ధాన్యము అమ్మిన డబ్బు ఏప్రిల్, మే మాసములలో చేరును. ఖర్చు మాత్రము పన్నెండు నెలలును ఉండును. అందులో జూన్ మొదలు నవంబరు వరకు గడ్డుకాలము. కాలువకు నీరు వదలిన నాటినుండి ఆకుమడి, దమ్ము, ఊడ్పు, ఎరువు, కలుపు అని సొమ్ము చేనిలోకి పోవుటయే గాని తిరిగి వచ్చుట ఉండదు. బడులు తెరచుట, శ్రావణమాసపు శుభకార్యములు, వరదలు, తుపానులు కూడ ఈ ఆరు నెలలలోనే వచ్చును. సరిగా ఈ సమయముననే ఇంటిలో ఒకరు మంచము పట్టినను, నీటి మోటారు కాలిపోయినను రైతు పరుగెత్తునది తెలిసిన వ్యాపారి వద్దకే. ఆ పరుగునకు ఎంత ఖరీదు పడుచున్నదో లెక్కవేసి చూచువారు తక్కువ.

ఒక ఎకరము సొంతము, మూడెకరములు కౌలు చేయు రైతును తీసికొందము. ఆగస్టులో అతనికి 30 వేల రూపాయల అవసరము పడినది. ధాన్యము కొను వ్యాపారి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీపై ఇచ్చినాడు. అయిదు నెలలకు వడ్డీ 4,500 రూపాయలు. ఇంతవరకు రైతుకు తెలిసినదే. కాని మాసూలు కాగానే ధాన్యము తనకే తోలవలెనను షరతు ఆ అప్పులో ఉన్నది. కౌలు చెల్లించి, తిండిగింజలు ఉంచుకొనిన పిదప అమ్మకమునకు 60 బస్తాలు మిగిలినవనుకొనుడు. బస్తాకు నూరు రూపాయలు ధర తగ్గించి కట్టినను 6,000 రూపాయలు పోయినవి. మొత్తము 10,500. అనగా మూడు రూపాయల వడ్డీ అనుకొనినది నిజమునకు నూటికి నెలకు ఏడు రూపాయలైనది. 2025–26లో సాధారణ రకము ధాన్యమునకు క్వింటాలుకు 2,369 రూపాయలు మద్దతు ధర ప్రకటించినారు. ఆ లెక్కన 75 కిలోల బస్తా సుమారు 1,777 రూపాయలు. ఈ అప్పు ఖరీదు ఆరు బస్తాల ధాన్యము. వడ్డీ నోటుమీద కనబడును. తగ్గిన ధర ఎక్కడను కనబడదు.

ఇంకొక నష్టము కూడ కలదు. కొనుగోలు కేంద్రములలో 17 శాతము వరకు తేమను అనుమతింతురు. అప్పు మెడమీదనున్న రైతు ధాన్యమును కళ్లములో ఆరబోసి రెండు రోజులు ఆగలేడు. కోతయంత్రమునుండి దిగిన పచ్చి ధాన్యమును దిగినట్లే తోలి, తేమ పేరున తరుగు పెట్టించుకొనును.

ఏది అనుకోని ఖర్చు?

గత అయిదేండ్ల ఖర్చులను ఇంటి ఇల్లాలితో కూర్చుండి ఒక పుస్తకమున వ్రాసి చూడుడు. చిన్న ఖర్చులు ఆమెకు గుర్తున్నంతగా మగవారికి ఉండవు. మోటారు ఒకసారి కాలినది, గేదె ఒకసారి జబ్బుపడినది, పెద్దవారిని రెండుసార్లు రాజమహేంద్రవరమో కాకినాడయో ఆసుపత్రికి తీసికొనిపోయినారు, ఇంటి కప్పు ఒకసారి బాగుచేసినారు, బంధువుల ఇంట చావునకు వెళ్ళినారు. ఏ ఖర్చు ఏ నెలలో వచ్చునో ఎవరును చెప్పలేరు. కాని ఏదో ఒకటి రాని సంవత్సరము ఆ పుస్తకమున కనబడదు. కావున దానిని అనుకోని ఖర్చు అనుటకంటె, తేదీ తెలియని ఖర్చు అనుట సరియైనది.

వరద సంగతియు ఇట్టిదే. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినది. 2022 జూలైలో 25 లక్షలు దాటినది. ఈ మధ్య కాలములో లంక గ్రామములు మునిగిన ఏండ్లు పెక్కు కలవు. లంకలో కాపురమున్నవారు జూలై, ఆగస్టు మాసములకు పడవ కిరాయి, పశువుల మేత, పది రోజుల కూలి నష్టము ముందుగానే పద్దున వ్రాసికొనవచ్చును. (కొత్త అల్లుని మొదటి సంక్రాంతి ఖర్చును కొందరు అనుకోని ఖర్చులలో చేర్చుచున్నారు. ముహూర్తము పెట్టుకొన్ననాడే తెలిసిన పండుగ అది. దానికి అప్పు చేయుట వేరు సంగతి.)

తేదీ తెలియని ఖర్చుకు సొమ్ము తీయవలసినది ఖర్చు వచ్చిననాడు కాదు, ధాన్యము అమ్మిననాడు. ఎకరమునకు పంటకొక బస్తా ధర విడిగా తీసి ఉంచవలెను. పైన చెప్పిన నాలుగెకరముల రైతుకు రెండు పంటలకు ఎనిమిది బస్తాలు, సుమారు 14 వేల రూపాయలగును. రెండేండ్లు ముట్టకుండినచో 28 వేలు. ఆగస్టులో వ్యాపారి వద్ద తెచ్చిన అప్పు దాదాపు అంతయే కదా! ఈ సొమ్మును పంట అప్పు ఖాతాలో గాని, ఇంటిలో గాని ఉంచరాదు. ఇల్లాలి పేరున వేరు పొదుపు ఖాతాలో గాని, ఆమె పొదుపు సంఘములో గాని ఉంచుట మేలు. చీటీ వేయువారు నమోదైన సంస్థలోనే వేయవలెను. అవసరమునాడు పాటలో ఎంత తగ్గించి తీసికొనినారో అదియు వడ్డీయేనని లెక్కించుకొనవలెను.

కౌలు భారము ఎక్కువైన ఏడు ఎకరమునకు బస్తా తీయుట సాధ్యముగాదని కొందరు చెప్పుదురు. నిజమే. అట్టివారు అర బస్తాతో మొదలిడవచ్చును. అసలు తీయలేనివారికి ఈ క్రింది సంగతులు మరింత అవసరము.

కార్డులో ఇంటి ఖర్చు భాగము

1998లో ప్రవేశపెట్టిన కిసాన్ క్రెడిట్ కార్డు ఎరువులకు, విత్తనములకు మాత్రమేనని మన రైతులలో చాలమంది తలంచుచున్నారు. అది పొరపాటు. కార్డు పరిమితిని నిర్ణయించునపుడు పంట పెట్టుబడిపై 10 శాతము ఇంటి అవసరములకు, పంట అనంతర ఖర్చులకు కలుపవలెను. మరియొక 20 శాతము వ్యవసాయపు ఆస్తుల మరమ్మతులకు కలుపవలెను. పెట్టుబడి లక్ష రూపాయలైనచో 10 వేలు ఇంటికి, 20 వేలు మరమ్మతులకు కలియును. కాలిన మోటారు ఈ రెండవ భాగములోనికి వచ్చును. మీ కార్డు పరిమితిలో ఈ భాగములు కలిపినారా లేదా అని బ్యాంకులో గాని, సహకార పరపతి సంఘములో గాని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. 2025 జనవరినుండి 2 లక్షల వరకు పంట రుణమునకు భూమిని తనఖా పెట్టవలసిన పనియు లేదు.

వడ్డీ విషయమున ఒక జాగ్రత్త. 3 లక్షల వరకు పంట రుణముపై 7 శాతము వడ్డీ, గడువులోగా చెల్లించిన వారికి అందులో 3 శాతము తగ్గింపు అనునది పంట భాగమునకు ఉద్దేశించినది. ఇంటి ఖర్చు భాగముపై బ్యాంకు తన మామూలు వడ్డీ వేయవచ్చును. అది ఏడాదికి 12 శాతముండినను, 30 వేలకు అయిదు నెలలకు 1,500 రూపాయలే. పై లెక్కలోని 10,500 ప్రక్కన దీనిని పెట్టి చూడుడు. మరియు ధాన్యము ఎవరికి అమ్మవలెనను స్వేచ్ఛ రైతు చేతిలోనే మిగులును.

ఇంటి ఖర్చుకు అప్పు ఎక్కడ పుట్టుననునది పాత సమస్యయే. కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రములో ఉన్న రోజులలో, 1938లో, రైతుల ఋణభారమును తగ్గించుటకు ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది. సహకార పరపతి సంఘముల చట్టము 1904లోనే వచ్చినను, 1951–52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో రైతు చేసిన అప్పులో సహకార సంఘముల వంతు సుమారు 3 శాతమేనని తేలినది. సంఘము పంటకిచ్చును, పెళ్ళికి, రోగమునకు ఈయదు. వ్యాపారి ఏమియు అడుగకుండ అర్ధరాత్రియైనను ఇచ్చును. అతని బలమంతయు అక్కడనే ఉన్నది. కార్డులో 10 శాతము ఇంటికని చేర్చుట ఈ లోటును కొంత పూడ్చుటకే. వాడుకొననిచో ఉన్నను లేనట్లే.

రోగము, ప్రమాదము

ఎంత జాగ్రత్తపడిన ఇల్లైనను పెద్ద రోగముతో కూలిపోవచ్చును. ఈ ఖర్చును మిగులు సొమ్ముతో తట్టుకొనుట అసాధ్యము. 2007లో ఆరోగ్యశ్రీ పేరున మొదలైన పథకము నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరున నడచుచున్నది. అర్హతగల కుటుంబము ముందుగా ఆ జాబితాలోని ఆసుపత్రికే పోవలెను. వేరొకచోట రెండు రోజులు పరీక్షలకు చెల్లించి, పిదప ఇక్కడికి వచ్చుటవలననే చాల డబ్బు పోవుచున్నది. జాబితాను ఇప్పుడే గ్రామ సచివాలయములో చూచి, దగ్గరి ఆసుపత్రి పేరు గోడపై వ్రాసి ఉంచుకొనుడు. వైద్యము ఉచితమైనను రానుపోను ఖర్చు, తోడున్నవారి తిండి, పోయిన కూలి ఉండనే ఉండును. ఎకరాకు బస్తా చొప్పున తీసిన నిధి వీటికే.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు. 18 మొదలు 70 ఏండ్లవారు చేరవచ్చును. ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 2 లక్షలు వచ్చును. పొలములో పాము కరచుట, కొబ్బరిచెట్టుపైనుండి పడుట కూడ ప్రమాదములే. అయితే వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి, కారణము అక్కడి కాగితములలో వ్రాయించవలెను. ఆ కాగితము లేకనే సొమ్ము రాకపోవుట కలదు. ఏ కారణమున మరణించినను 2 లక్షలిచ్చు జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు, చేరుటకు వయస్సు 50 ఏండ్లలోపు. ఈ రెండు మొత్తములను బ్యాంకు మే నెలాఖరున ఖాతానుండి తానే తీసికొనును. దాళ్వా డబ్బు వచ్చిన రోజులే గనుక, ఆనాటికి 456 రూపాయలు ఖాతాలో ఉండునట్లు చూచుకొనుట కష్టముగాదు.

తప్పనిసరియై అప్పు చేయవలసినపుడు బంగారమును బ్యాంకులో కుదువపెట్టుట వ్యాపారి అప్పుకంటె చాల చవుక. గడువు తేదీని పుస్తకమున వ్రాసికొనవలెను, లేనిచో వస్తువు వేలమునకు పోవును. పాలిచ్చు గేదెను మాత్రము అమ్మరాదు. పాలడబ్బే పదిహేను రోజులకొకసారి వచ్చి వంటిల్లు నడపుచున్నది. గేదె పోయినచో ఉప్పుపప్పులకు కూడ అప్పు మొదలగును. సెల్‌ఫోనులో అయిదు నిమిషములలో అప్పిచ్చెదమను ఊరుపేరులేని యాప్‌ల జోలికి ఇంటిలోని యువకులను పోనీయకుడు.

కౌలుదార్లు, గ్రామాధికారులు

పైన వ్రాసినదానిలో సగము కౌలుదారునకు అందుట ఒక కాగితముమీద ఆధారపడి ఉన్నది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము ఇచ్చు కార్డు అది. దానికి భూయజమాని అంగీకారము కావలెను. సంతకము పెట్టినచో భూమి పోవునని యజమానులకు భయము. ఆ కార్డు 11 నెలలకే చెల్లును. అది పంటకే గాని భూమిపై ఏ హక్కును ఇయ్యదు. ఈ సంగతిని గ్రామ రెవిన్యూ అధికారి చావడిలో నలుగురి ఎదుట చెప్పినచో భయము చాలవరకు తీరును. పొరుగూరిలోను, పట్నములోను ఉన్న యజమానులకు రైతు తానుగా పోయి చెప్పుటకంటె అధికారి చెప్పుట వేరు.

ఆ కార్డు, దానితోపాటు రైతు సేవా కేంద్రములో ఈ-క్రాప్ నమోదు, ఈ రెండును ఉన్ననే కౌలుదారు పేరున ధాన్యము కొందురు, బీమా నష్టము అతనికి చేరును, బ్యాంకు మాట వినును. నాట్లు ముగిసిన తరువాత సంతకమునకై తిరుగుటవలన ఆగస్టు గడచిపోవును. ఊడ్పులకు ముందే, జూన్ నెలలో, గ్రామములోని కౌలుదార్ల జాబితా వ్రాసి, గత సంవత్సరపు కార్డు గడువు ఎవరెవరికి తీరినదో చూచి, ఇంటింటికి కబురు పంపవలెను.